మాటకొక గింజ

రచ్చ కాదు ఇనస్పెక్టరు సార్, చర్చ! మీరు సైకిలు దిగకముందరే ఇనబడిందంటే నిజమే, పిల్లోల్లు ఆ మాదిరి అరిచినారు. వాళ్ళని బయట ఆడుకోమన్నాలే. మీరు ఆ కుర్చీలో కూచోండి. ‘బడిలో క్రమశిక్షణ లేదు’ అని రాసేముందర రోంత నా మాట ఇనండి. మీరు పంపిచ్చిన ట్రయినింగే గదా కొంప ముంచింది!

అనంతపురంలో పది దినాలు. నలభైమంది అయివార్లం. పాఠం చెప్పేది మీకందరికీ తెలుసు, పిల్లోల్లతో మాట్లాడిచ్చేది నేర్చుకోండి అన్నాడు ఆడ ట్రయినింగిచ్చే కోస్తా మేష్టరు. అందర్నీ గుండ్రంగా కూచోబెట్టి తలా మూడు చింతగింజలు చేతిలో పెట్టినాడు. మాట్లాడినోడు ఒక గింజ డబ్బాలో వేయల్ల. మూడూ అయిపోతే ఇంగ గమ్మునుండల్ల. అప్పుడు వాగేటోడు తగ్గుతాడంట, నోరులేనోడికి సందు దొరుకుతాదంట. బలే ఉండాదే అనుకున్యా.

ఊరికొచ్చినా. ఈడ చింతగింజలు యాడ తెచ్చేది? రెండేండ్లుగా వాన లేక చెట్లు కాయనే కాయలే. మా అత్త యాడికి ఊరి నుంచి పంపిన శెనిక్కాయలు ఇంట్లో రోంత ఉండె. అవే పంచినా, తలా మూడు. మన ఊరికి ఏమి కావల్లో చెప్పండ్రా అన్యా.

ఒక్కడు నోరు తెరిస్తే ఒట్టు! మాట్లాడితే కాయ పోతాది గదా సార్? పిడికిళ్ళు బిగబట్టుకోని నా మొగమే చూస్తాండారు. నరసింహప్ప కొడుకు తిమ్మన్న మాత్రం టకటకా మూడు కాయలూ డబ్బాలో వేసి మూడు మాటలు మాట్లాడినాడు. వాళ్ళింట్లో మూటలు మూటలు ఉండాయి, వానికేమి! మిగిలినోల్లు బడి ఇడిసిన ఎంటనే గుల్లలు తప్ప ఏమీ మిగల్చలే.

నవ్వుతాండారా? నవ్వండి. నాకైతే సిగ్గయింది. ఉన్నోడే మాట్లాడె, లేనోడు నోరు మూసుకునె. దీనికి ట్రయినింగు ఎందుకప్పా?

అందుకే ఈ పొద్దు తిప్పేసినా. మాట్లాడినోడికి కాయ ఇస్తానంటి. అబ్బబ్బ! బాయి కావల్ల, బస్సు కావల్ల, అయ్యోరికి మాత్రం బెత్తం వద్దు! మీరు ఇన్నది అదే.

ఆ గలాటాలోనే లేచింది ఓబమ్మ. గొర్లు కాసే గంగప్ప కూతురు. రెండేండ్లుగా వాకిలికాడనే కూచుంటాది. హాజరు పలికేది తప్ప దాని నోట ఇంగో మాట నేను ఇనలే. అది లేచేతలికి అందరూ దాని తట్టు తిరిగినారు. అప్పుడే మీరు గడప తొక్కితిరి. ఏమడిగిందో మీరూ ఇంటిరి గదా?

"అయ్యోరా, పోయినేడు ఇనస్పెక్టరు వచ్చిన దినం నన్నెందుకు గొర్లకాడికి తోలితివి?"

లేదు సార్, పిల్ల అబద్ధం చెప్పలే. నేనే తోలినా. మీరు ఏమన్నా అడిగితే అది బెల్లం కొట్టిన రాయి మాదిరి నిలబడతాది, నాకు రిమార్కు పడతాది అని భయపడినా. అట్లాంటోన్ని బోయి, మాట్లాడనోల్లతో మాట్లాడిచ్చేది నేర్చుకోనొచ్చినా చూడండి!

ఇంగోటి కూడా చెప్పేస్తా. ఇదో, నా జోబిలో చూడండి. ఆ మేష్టరు ఇచ్చిన మూడు గింజలూ ఈడనే ఉండాయి. పది దినాలూ ఒక్కటీ డబ్బాలో వేయలే. ఊరిబయట మా పేటలోనుంచి అయివారైనోన్ని నేనొక్కన్నే సార్, తప్పు మాట్లాడితే నవ్వుతారని వాకిలికాడనే కూచున్యా. ‘యేసన్నా, నువ్వేమంటావ్’ అని ఆ మేష్టరూ నన్ను అడగలే.

ఓబమ్మకు కాయ ఇయ్యబోతే చెయ్యి చాపలే. కాయ వద్దు, చెప్పు అనింది. అందరూ ఆడుకోను పోయినా, అదో, అది ఇంగా ఆడనే నిలబడుకోనుండాది.

ఇదో సార్, ఒక గింజ మీ ముందర పెడతాండా. ఏమి రాసుకుంటారో రాసుకోండి. రెండోది ఆ పిల్లకు జవాబు చెప్పేదానికి.

మూడోది ఉంచుకుంటాలే. మీరు నన్ను యాడనో మూలకు, విడపనకల్లు అవతలికి బదిలీ చేస్తే, ఆడ నోరు తెరిచేదానికి పనికొస్తాది.