నాగులమ్మ మొక్కుబడి పోతు

ఆ పొద్దు ఐదున్నరకి నాగులమ్మ పొయ్యి మీద బిందెడు నీళ్లు పెట్టిందంట. గంగమ్మ జాతర రోజు కదా, తలకు పోసుకోవాల, ఎవురైనా పెడతారు. పోయిన ఏడు ఊర్లో మేకలకు పారుడు రోగం వచ్చినప్పుడు, నా ఐదు మేకలూ బతికితే ఈ మేకపోతును నీకిస్తా తల్లీ అని ఆమె మొక్కుకునింది. బతికినాయి. ఇంక ఇయ్యాల్సిందే కదా.

అయితే ఏమైందంటే, ఆ ఊర్లో మేకలన్నీ ఒకటే మంద. దినానికొక ఇంటోళ్లు వంతు ప్రకారం కొండకు తోలకపోతారు. మందలో ఎవురి పోతు ఉన్నా అందరి మేకలూ ఈనుతాయి. ఇంక మనిషి బుద్ధి మీకు చెప్పాల్నా? పోతు అంటే కంపు, కంచెలు దూకుతాది, మేత దండగ. తిప్పయ్యది ఉంది కదా, నాదెందుకని ఓబులేసు తన పోతును సంతకు తోలినాడు. ఓబులేసుది ఉంది కదా అని తిప్పయ్య తోలినాడు. అట్లా ఒకరికి తెలీకుండా ఒకరు ఊరంతా అమ్మేసుకున్నారనుకో. ఆఖరికి చూసుకుంటే మందలో మిగిలింది ఒకటే, నాగులమ్మ మొక్కుబడి పోతు.

జాతరకు ముందురోజు ఓబులేసు ఊరిని ఎంటేసుకోని ఆమె వాకిట్లోకి వచ్చినాడంట. ఎదకొచ్చే కాలమక్కా, ఇదీ పోతే వచ్చే ఏడు ఊర్లో ఒక్క పిల్ల ఉండదు, నీ ఐదూ వట్టిగానే ఉంటాయి అన్నాడు. ఇంకోటి కొనుక్కోండి అనింది. ఎవురు కొనాలని వాళ్లలో వాళ్లకే తగువు. ఆమె ఒకటే మాట అనింది: "గంగమ్మకు మాటిచ్చినా, ఓబులేసా. మీ పోతుల్ని అమ్మేటప్పుడు నన్నడిగినారా?" అందరూ వచ్చిన దోవనే ఇండ్లకు మళ్లుకున్నారంట.

మన ఆచారం తెలుసు కదా, మొక్కినోళ్లే ఇంటి నుంచి నీళ్లు తెచ్చి పోతు వీపున పోయాల. ఒళ్లు దులిపితే అమ్మ ఒప్పుకున్నట్టు. దులపకపోతే వద్దన్నట్టు, ఇంక దాన్ని కొయ్యకూడదు. ఎప్పుడూ దులుపుతాదిలే, తెల్లారే చన్నీళ్లు పడితే నువ్వైనా దులపవా? నాగులమ్మ తలారా స్నానం చేసి, వేపమండలు కప్పిన బిందె ఎత్తుకోని వచ్చింది. పోసింది. పోతు కదల్లేదు. మళ్లీ పోసింది. కండ్లు మూసుకోని నెమరేస్తా ఉందంట, తలంటు పోయించుకునే కొత్తల్లుడి మాదిరి. పూజారి కత్తి దించి, "అమ్మకు ఇష్టం లేదమ్మా, తోలకపో" అన్నాడు. "మూడోసారి కూడా పోస్తా సామీ, రేపు నన్నెవురూ అనకూడదు" అనింది నాగులమ్మ. పోసింది. అదే నెమరు.

ఊరంతా గంగమ్మ మహిమ అని టెంకాయలు కొట్టినారు. అందరికన్నా ముందు దండం పెట్టింది ఓబులేసే, పోతును అమ్ముకున్నోడే. నాగులమ్మ మాత్రం నా మొక్కు తీరలేదే అని చెంగుతో కండ్లు తుడుచుకునిందంట. అమ్మ దయ లేదని నేననను. మేకలన్నీ చూలు కట్టినాయి కూడా. అయితే కొన్నాళ్లకు బోరింగు కాడ ఆమె కోడలు మాటల్లో అనిందంట: జాతర పొద్దున, పొయ్యి మీద బిందెడు నీళ్లు కాగుతా ఉన్నా, అంత చలిలో మా అత్త చన్నీళ్లే పోసుకునింది.