కొసపాలెం మన్ను

చెంచమ్మ అని కొసపాలేనికి పెద్ద. మొగుడు పోయాక ఊరి పెద్దరికం ఆమె మీద పడిందంట. ఒకే కాలవ కింద నాలుగూళ్ళనుకో. పైన తూము కాడ తలపాడు, అది పెద్దూరు. మధ్యలో రెండూళ్ళు. అడుగున కొసపాలెం, చిన్నూరు. అయినా మొదటి తడి కొసూరికే. పైవాళ్ళు ముందు తిప్పుకుంటే కిందికి చుక్క రాదు గదా, అందుకని పెట్టుకున్న కట్టడి అది. దాన్ని మార్చాలంటే ఊరికో దోసెడు మన్ను తెచ్చి తూము కాడ కలపాల. ఒక్కూరి మన్ను రాకపోయినా పాతదే నిలబడుద్ది.

ఏమైందంటే, ఒక ఏడు వానలు మొహం చాటేసినయ్. తలపాడు పెద్ద అచ్చయ్య, ఇంతమందిమి ఎండిపోతుంటే ముందు తడి మీకేంది, ఇకనుంచి మాదే అన్నాడంట. మధ్యూళ్ళ పెద్దలిద్దరూ ఆయనకి జడిసి మన్ను తెచ్చారు. చెంచమ్మ తేలా. "ఆ మన్ను మా పిల్లోళ్ళ నోట్లో కొట్టమంటావా అచ్చయ్యా?" అందంట. అచ్చయ్యకి ఒళ్ళు మండింది. గుప్పెడుమంది ఒద్దంటే ఇంతమందిమి ఆగాలా, జనాన్నే అడుగుదాం పదండి అన్నాడు. మాట సబబుగానే ఉంది, మీరైనా అదే అందురు. తన ఊరి మంది ఇంకా ఎక్కువ కనపడాలని, ఆడోళ్ళని కూడా లెక్కలోకి తెమ్మన్నాడు చూడు, అక్కడ పడ్డాడు. కుండ పెట్టి గుడ్డ కప్పారు. మార్చాలంటే చింతగింజ, ఒద్దంటే గులకరాయి. గుడ్డ కింద ఎవురేమేశారో కట్టుకున్న మొగుడిక్కూడా తెలీదు.

కుండ బోర్లిస్తే ఏముంది, రాళ్ళే రాళ్ళు! తలపాడు కోడళ్ళలో చానామంది కొసపాలెం ఆడపిల్లలే మరి. మధ్యూళ్ళ జనం కూడా, ఇయ్యాల వాళ్ళకి ఎండితే రేపు మనకి ఎండదా అనుకున్నారంట. అచ్చయ్య పెళ్ళామైతే మొహం మీదే, "మా అమ్మ చేను ఎండబెట్టి నీకు అన్నం వండిపెట్టనా?" అని అడిగింది.

అప్పుడు అచ్చయ్య, సరే చెంచమ్మా, జనం నీ వైపే ఉన్నారు, ఇంక ఆ మన్ను గొడవెందుకు, ఏదైనా కుండే తేల్చనీ అన్నాడంట. అందరూ బాగుందన్నారు. గెలిచిన చెంచమ్మ ఒక్కతే ఒప్పుకోలా. "ఈ ఏడు మా పిల్లలు మీ ఇళ్ళల్లో ఉండారు గనక రాళ్ళు పడినయ్ నాయనా. రేపు మన మధ్య సంబంధాలు తెగిపోతే ఆ కుండలో మాకెవురుంటారు? కుండ పెట్టుకోండి, కాదన్ను. మా మన్ను మాత్రం మా చేతిలో ఉండనీయండి" అంది. అప్పట్నుంచి జనమూ సరేననాల, నాలుగూళ్ళ మన్నూ కలవాల, అప్పుడే కట్టడి మారేదంట.

చిన్నప్పుడు ఇది వింటే, గెలిచి కూడా ఈ ముసిల్దానికి భయమేందా అనిపించేది నాకు. కాలవ చివర సేద్యం చేశాక ఆ మాట మళ్ళీ అనలా. మీలో తూము పక్కన పొలాలున్నోళ్ళకి ఈ కథ రుచించదులే, మీ మొహాలు చూస్తానే ఉండాగా.