చివరి బెంచీ బేరం

మధ్యాహ్నం కావడంతో అద్దాల కొట్టులో గిరాకీ లేదు. తల్లి నిలువుటద్దం తుడుస్తోంది. కాలేజీలో పాఠాలు చెప్పే కొడుకు వస్తూనే అందుకున్నాడు.

“అమ్మా, మా ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో సీటు తెచ్చుకున్నావట! నిజమేనా?”

“నిజమే. బీఎస్సీ అయ్యాక నువ్వు పుట్టి ఆగిన చదువేగా. నువ్వే పూర్తి చేయించు.”

“నా క్లాసులోనా? పిల్లలు నవ్వుతారు.”

“నవ్వనీ. నీ క్లాసులో ఊరికే నిద్రపోవడం కంటే నయం.”

“వేరే కాలేజీ చూసుకోవచ్చుగా?”

“సరుకు ఇంట్లో పెట్టుకుని పక్క కొట్టుకు పోతానా? ముందు బెంచీలోనే కూర్చుంటా. నీ గొంతు ఆరితే మంచినీళ్లిస్తా, జుట్టు చెదిరితే సర్దుతా.”

“అమ్మా, నీకు దణ్ణం పెడతా!”

“పోనీ, జుట్టు జోలికి రాను.”

“మంచినీళ్లూ వద్దు. చివరి బెంచీలో కూర్చో. క్లాసులో నన్ను ‘నాన్నా’ అనకు. ఒప్పుకుంటేనే చేరు.”

“చివరి బెంచీయా? మరీ గీసి గీసి బేరమాడుతున్నావు.”

“అంతే. ఇంక తగ్గేది లేదు.”

“సరే సార్, మీ మాటే కానివ్వండి. తర్వాత మాట మార్చరుగా?”

“మార్చను.”

ఆవిడ గుడ్డ మడిచి బల్లమీద పెట్టింది.

“నాకెలాగూ దగ్గరివి మసక, సార్. బోర్డు చివరి బెంచీ నుంచే తేటగా కనపడుతుంది.”