పాటల్లేని పడవ

దోహా తీరంలో టికెట్లమ్మే అమ్మాయి ఖాళీ పడవ దగ్గరికి వచ్చి ముసలి సరంగును పిలిచింది.

"కాకా, ఇంజన్ చాలూ చెయ్యి. టూరిస్టులు వస్తున్రు."

"నా పడవకా? పాటల్లేవు, లైట్లు లేవు. గిరాకి లేదని కంపెనీవాళ్లు రేపటి సంది బంద్ జేస్తమన్నరు గద!"

"ఇప్పుడు పడవలోళ్లందరు ఒక్క యాప్‌ల రాస్తున్రు, వచ్చినోళ్లు ఏమడిగిన్రో. సప్పుడు లేని పడవ ఉన్నదా అని శానమంది అడిగిన్రట."

"అయితే?"

"పక్క పడవాయన దాంట్ల నీ పేరు రాసిండు. వారమంతా బుకింగులే."

"వాడా? గిరాకి కాడ నాతోని లొల్లి వెట్టుకునేటోడు..."

"ఆయనే. నీ పడవ ఆగదు కాకా."

సరంగు తువ్వాలతో బెంచీలు తుడవడం మొదలుపెట్టాడు.

"వాళ్లకు నేనేం జెప్పాలె బిడ్డా? నాకు మాట్లాడుడు రాదని ఎరికే గద."

"ఏం జెప్పకు. అందుకే గద వాళ్లు వచ్చేది."