సీటు కింది ఉప్పు

తన యజమాని రావుసాబ్ అంబాసిడర్ కారు తలుపు తెరిచి, డ్రైవర్‌గా చేసే కొడుకు లోపల కార్పెట్ రుద్దుతుండు. తల్లి వేడినీళ్లు తెచ్చింది.

"అవ్వా, నిమ్మకాయ పిండి మూడుసార్లు తుడిచిన. ఆరంగనే గా తెల్లమరక మళ్ల తేలుతుంది. రేపు రావుసాబ్ చూస్తే తాళంచెవి గుంజుకుంటడు."

"వాననీళ్లు కారినయేమో, కొడుకా."

"వాననీళ్లు ఉప్పగుంటయా? నాలిక మీద పెట్టుకొని చూసిన."

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"మన ఊరి జీపు నిర్మల్ ఘాట్ రోడ్డు మీద బోల్తా పడ్డసంది నాకు కంటిమీద కునుకు లేదు, బిడ్డా. నీకు దిష్టి తాకద్దని సీటు కింద దొడ్డుప్పు మూట పెట్టిన. ముసురుకు కరిగినట్టుంది. తీసేస్త."

"తియ్యకు. రేపు గదే ఘాట్ ఎక్కాలె. గీసారి డబ్బల పోసి మూత పెట్టు."