చెయ్యి అందే ఎత్తు

మధులత భయమంతా ఒక్కటే: భర్త అనుదీప్ తన మీద అలిగి ఏదో ఒక రోజు సంచి సర్దుకుని ఇల్లు విడిచి వెళ్ళిపోతాడని. ఆ భయంతోనే ఆమె అమీర్‌పేట నుంచి పంజాగుట్టలో అరుణాదేవి నడిపే, సామాను పెట్టుకునే అరల రాకుల దుకాణానికి వచ్చింది.

"అది కాదమ్మాయ్. అది చెప్పుల స్టాండు."

"చెప్పులదా? అరలు మంచిగున్నయని చూస్తున్న ఆంటీ."

"ముందు ఏం పెట్టుకుంటావో చెప్పు. పుస్తకాలా, బట్టలా, వంటసామానా?"

"ఆటలు."

"పిల్లల బొమ్మలా? దానికైతే ప్లాస్టిక్‌వి ఉన్నాయి, రంగురంగులవి..."

"బొమ్మలు కాదు. ఆటల డబ్బాలు. అట్ట డబ్బాలు, గింతింత పెద్దగుంటయ్. అండ్ల పలక, పావులు, కార్డులు, పాచికలు, మస్తు సామానుంటది."

"వైకుంఠపాళీ, అష్టాచెమ్మా, అలాంటివా?"

"అసొంటివే గని ఇంక పెద్దయి. రైలు పట్టాలు ఏసుకుంట పోయేటియి, పొలాలు పంచుకునేటియి. కాలేజీల చదివేటప్పటి సంది జమ చేసిండు మా ఆయన. ఒక్కొక్క కార్డుకు ప్లాస్టిక్ కవరు తొడుగుతడు. చెమట చేతులతోని ముట్టనియ్యడు."

"భలే మనిషే! మా ఆయన మా పెళ్ళి ఆల్బమ్‌కే కవరు తొడగలేదు, చెదలు తినేసింది."

"ఈయన చెదలను సుత చేతులు కడుక్కొని రమ్మంటడు."

"హమ్మయ్య, నవ్వావు. వచ్చినప్పట్నుంచి మొహం చూస్తే ఆసుపత్రికి పోతూ దారి తప్పి వచ్చినట్టున్నావు. సరే, డబ్బాలెన్ని ఉంటాయి?"

"మస్తుంటయ్. గోడ నిండ... ఉండె."

"ఉండేవా? ఉన్నాయా?"

"ఉన్నయి ఇంక కొన్ని. పోయినయి సుత మళ్ళ తెచ్చుకుంటం. మీరు పెద్దదే చూపెట్టుండ్రి."

"పెద్దదంటే ఇనప రాకే. చెక్కదైతే బరువుకి నడిమి ఉయ్యాల్లా దిగిపోద్ది. ఇదిగో, ఆరున్నర అడుగులు, ఐదు అరలు. డబ్బాలు నిలబెడతారా, పడుకోబెడతారా?"

"పండవెట్టాలె. నిలవెడితే పావులన్ని ఒక్క దిక్కు జారి కార్డులు నలుగుతయంటడు."

"అయితే అర లోతుగా ఉండాలి. గది ఏపాటిది?"

"ఒక్కటే గది ఆంటీ, ఇంకోటి వంటిల్లు. మునుపు అమీర్‌పేట్ల టిఫిన్ సెంటర్ మీద ఆటల గది నడిపిండు. కోచింగ్‌కు వచ్చే హాస్టల్ పోరగాండ్లు ఐతారం ఐతారం వచ్చి ఆడేటోళ్ళు. అదే ఆయనకు లోకం. కిరాయి పెంచిండ్రు, బందయింది. డబ్బాలన్ని ఇంటికొచ్చినయ్. మంచం కింద అవే, బీరువా మీద అవే, బియ్యం డబ్బ మీద సుత అవే. పాప పండుకునే జాగ లేకపాయె."

"ఎవరికైనా విసుగొస్తుంది."

"నాకొచ్చింది. ఒకనాడు ఆగలేకపోయిన. 'ఇది ఇల్లా గోదామా? ఇవన్న ఉండాలె, నేనన్న ఉండాలె' అన్న."

"ఆయనేమన్నాడు?"

"ఏమనలే. అదే కద. తిరిగి ఒక్క మాటన్నా బాగుండు. మరునాటి సంది ఒక్కొక్క డబ్బ పంచిపెడుతుండు."

"అమ్ముతున్నాడా?"

"అమ్మితే గింత ఫికర్ ఉండకపోవు. ఉత్తగనే! పిలిచి మరీ ఇస్తుండు. రైళ్ళ ఆట ఆయన దోస్తు విక్రమన్నకు ఇచ్చిండు, దాన్ని నన్ను సుత ముట్టనియ్యకపోతుండె. ఇంకో దోస్తు, ఖైరతాబాద్ వంశీధరన్న వస్తే రెండు సంచులు నింపి బండి మీద పెట్టిచ్చిండు."

"పుచ్చుకున్నవాళ్ళు ఏమీ అడగలేదా?"

"ఏమడుగుతరు? మస్తు ఖుషీ. డబ్బాలు పట్టుకొని ఫోటోలు దిగి పెట్టుకున్నరు. 'వదినా, అన్న దిల్‌దార్ మనిషి' అని నాకు మెసేజ్‌లు."

"అందుకని నువ్వు రాక్ కొంటున్నావు."

"ఇంట్ల జాగ చేసి పెడితే నా కోపం పోయిందని తెలుస్తది కద. పంచుడు ఆపుతడు. లేకుంటే నా మీద అలిగి ఎటన్న పోతడని భయమైతుంది ఆంటీ. అన్నం సగం తిని లేస్తడు. పండుకోడు. పైకి మాత్రం కోపం కనవడదు. నిన్న నన్ను కూసోవెట్టి తలకు నూనె పెట్టిండు."

"అలిగినవాడు నూనె పెడతాడా?"

"అదే సమజైతలేదు."

"పోనీ, ఆయనతో నువ్వు కూడా ఆడతావా?"

"నేను ఇంటర్ నడుమల్నే బందు పెట్టిన. ఆ ఇంగ్లీష్ రూల్సు నాకెక్కడియి? నోటితోనే చెప్పి నేర్పిండు. గీ నడుమ కొత్తది నేర్పుతుండు, ఇద్దరాడేది ఒక్కదాన్నే ఆడుడు."

"ఒక్కదానివి ఎలా ఆడతావ్?"

"ఇటు కూసోని ఒక ఎత్తేస్తం కద. పలక తిప్పాలె. అటోళ్ళ లెక్క ఇంకో ఎత్తెయ్యాలె. 'నేను లేనప్పుడు నీకు తోచాలె కద' అన్నడు. ఏం, ఎటు పోతున్నవ్ అని అడిగితే నవ్విండు."

"'నేను లేనప్పుడు' అన్నాడా?"

"ఔ. ఏంది ఆంటీ, గట్ల చూస్తున్నరు?"

"ఏం లేదమ్మా. గోడ... గోడ కొలత తెచ్చావా?"

"అయ్యో, మరిచిపోయిన. ఫోన్ చేస్త ఉండుండ్రి. స్పీకర్ల పెడుత, మీకు సుత ఇనవడాలె. హలో, బావా? మన గోడ ఎంతెత్తుంటది? ఈడ ఆరున్నర అడుగులది మస్తున్నది."

"అంత వద్దు మధూ."

"ఎందుకొద్దు? నీ డబ్బాలన్ని పడుతయ్."

"అన్ని లేవు. ఒక్కటే ఉంచిన."

"పొద్దుగాల ఇంక ఉండె కద!"

"నువ్వు పోయినంక విక్రమ్ వచ్చి తీస్కపోయిండు. చిన్న రాకే తీస్కో. పై అరకు నీ చెయ్యి అందాలె, కింది దానికి పాప చెయ్యి అందాలె."

"పైదానికి నువ్వున్నవ్ కద. తాటిచెట్టంత మనిషివి, తీసియ్యనీకి ఏమాయె?"

"నీకు అందేదే తీస్కో. గోడకు మేకులు కొట్టి బిగించిపొమ్మను, పాప పట్టుకొని ఎక్కుతది. తొందర లేదు. నిమ్మళంగ చూసి రా."

"పాప ఏం చేస్తుంది?"

"సనత్‌నగర్ల మా అమ్మ దగ్గర వదిలిపెట్టొచ్చిన. రేపు సుత ఉంచుకోమన్న."

"నాకు చెప్పకనే?"

"మధూ... ఉంట మరి."

"అమ్మాయ్, చెవి ఇటు పెట్టు. ఆయన్ని ఫోన్ పెట్టనివ్వకు! రాక్ చూపిస్తున్నానని చెప్పు, లైన్లో ఉండమను."

"బావా, పెట్టకు. ఆంటీ ఇంకోటి చూపెడుతున్నరు, లైన్ల ఉండు. ఏంది ఆంటీ, ఏమైంది? మ్యూట్‌ల పెట్టిన, చెప్పుండ్రి."

"ఆయన నీ మీద అలగలేదు. అలిగినవాడు నీ చెయ్యి ఎంతవరకు అందుతుందో కొలిచి చెప్పడు. తను లేని ఇంటికి రాక్ కొలుస్తున్నాడమ్మా."

"లేని ఇంటికంటే... ఎటు పోతడు? బట్టలు సుత సర్దలే. సంచి సుత తియ్య... అయ్యో. అయ్యో ఆంటీ!"

"ఏడవకు. ఇప్పుడు కాదు. మీ కింద ఎవరుంటారు?"

"ఓనరామె. చంద్రమ్మత్త."

"ఇదిగో నా ఫోను. నంబర్ కొట్టు. మెల్లగా, ఒక్కొక్క అంకె చూసుకుంటూ."

"హలో, చంద్రమ్మత్తా? నేను మధులతను. పైకి పో అత్తా. ఉన్నదానివి ఉన్నట్టు లేచి పో. మా బావను చూడు. తలుపు తీసేదాక కొట్టు. తీసినంక ఆడనే కూసో, చాయ అడుగు, నీళ్ళడుగు, ఏదన్న అడుగు, నేనొచ్చేదాక కదలకు. ఎందుకని అడగకు అత్తా, పో!"

"పోతోందా?"

"మోకాళ్ళు నొస్తున్నయ్ అనుకుంటనే పోతుంది."

"పోనీ, చాలు. పద, నేనూ వస్తా. ఆటో వద్దు, ఫ్లైఓవర్ కింద ఇరుక్కుపోతాం. మెట్రోకి పద, ఒక్కటే స్టేషను. మ్యూట్ తీసి ఆయనతో మాట్లాడుతూనే నడువు. రాక్ సంగతి మాట్లాడకు. ఆట సంగతి మాట్లాడు."

"బావా? ఉన్నవా?"

"ఉన్న."

"ఆ ఒక్క డబ్బ ఏది? మనం ఆడేదేనా?"

"ఆఁ. నీ కోసమే ఉంచిన."

"తెరువు. పలక పరువు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నీ పావులు నీ దిక్కు పెట్టు, నావి నా దిక్కు. పెడుతున్నవా? చప్పుడు ఇనవడుత లేదు."

"పెడుతున్న. రొప్పుతున్నవేంది మధూ? ఉరుకుతున్నవా?"

"మెట్లెక్కుతున్న. మాటల్ల పెట్టకు, పావులు పెట్టు."

"మధూ, ఎవరో తలుపు కొడుతున్నరు."

"తెరువు."

"నువ్వు చెప్పినవా?"

"నేనే చెప్పిన. తెరువు బావా. ఆరున్నర అడుగులదే తీస్కుంటున్న. నా చెయ్యి అందది, నాకు నువ్వే తీసియ్యాలె. పలక తిప్పకు. అటు దిక్కు నేనొచ్చి కూసుంట."

ఈ మధ్య మిమ్మల్ని ఎవరైనా పిలిచి మరీ తమ ప్రాణంలాంటి వస్తువును చేతిలో పెట్టి ఉంటే, ఫోటో తర్వాత దిగవచ్చు. ముందు వాళ్ళింటికి వెళ్ళి, తలుపు తీసేదాకా కొట్టి, ఒకసారి చూసి రండి.