గీత పైన చివరి పేరు

హలో… ఆ, నేనే. హరినాథ్‌నే. ఎవరు?…

ఫరీనా. నంబరు మార్చినావా?…

మీ నాన్న ఫోనా. సరే. నీ నంబరు అయితే ఎత్తనని తెలిసిపోయింది నీకు… పొద్దుటి నుంచి పదకొండుసార్లు. చూసినాను. ఎత్తలేదు.

ఏడుస్తా మాట్లాడితే నాకు అర్థం కాదు. నిదానంగా చెప్పు…

ఉండు. ఉషా, ఆ వంటింటి కిటికీ మూయి. రొయ్యల గుంటల మోటార్ల చప్పుడులో ఏమీ వినపడటం లేదు… ఎవరో తర్వాత చెప్తాను.

ఆ, ఇప్పుడు చెప్పు…

అవును. నేనే వేసినాను. మైసూరు టెన్నిస్ టోర్నమెంటుకి ప్రత్యూష పేరు వేసింది నేనే. తన ఖాతానే, తన పాస్‌వర్డే. తను ఆడే రోజుల్లోనూ వేసింది నేనే కదా. గురువారం స్కూలు నుంచి వస్తానే ముందు ఆ పని, తర్వాతే కాఫీ…

పది నెలలు. నాకు తెలుసు. నువ్వు చెప్పాలా?…

లేదు, నాకేం కాలేదు. ఈరోజు కూడా ఎనిమిదో తరగతికి సమాసాలు చెప్పి వచ్చినాను. పిల్లలు బాగానే విన్నారు…

ఖాతా ఎట్లా ఉందంటే, జనవరిలో రెన్యువల్ చేసినాను. చెయ్యమని మెయిల్ వచ్చింది. ప్రియమైన ప్రత్యూషా అని వచ్చింది. చేసినాను.

ఎందుకు వేసినానో నీకు చెప్పాలా? మూడు టోర్నమెంట్లలో మూడు పాయింట్లు ఉంటేనే ర్యాంకుల పట్టికలో పేరు ఉంటుంది. పాయింటుకి ఆయుష్షు ఒక ఏడాది. అంతకంటే ఒక్క రోజు ఉండదు. తనకి ఉండేది సరిగ్గా మూడు. అందులో మొదటిది పోయిన జులైది, వచ్చే సోమవారం రాలిపోతుంది. రెండే మిగిలితే పేరే ఉండదు. ప్రతి సోమవారం లేస్తానే చూసుకుంటా ఉన్నాను, ఏ నంబరులో ఉందో. ఒక వారం నాలుగు మెట్లు పైకి కూడా ఎక్కింది. పైనున్న వాళ్ళెవరివో పాయింట్లు పోయినాయి. ఆ రోజు సంతోషపడినాను కూడా.

ఇంక ఒక్క వారం. ఆడే వాళ్ళ లిస్టులో ఒక్కసారి చూసుకుందామని వేసినాను. అంతే…

అనుకున్నాను. మంగళవారం తీసేద్దామనే అనుకున్నాను… అవును, ఈరోజు మంగళవారమే. ఏడున్నరకి లిస్టు మూసేస్తారు, ఆ తర్వాత మార్చేది లేదు. గడియారం నా ఎదురుగానే ఉంది. ఏడూ పది.

తెలుసు. నీకూ మూడే పాయింట్లు. నీది వచ్చే నెలాఖరుకి పోతుంది. మైసూరులో ఒక్క మ్యాచ్ గెలిస్తే నిలబడతావు. లేకపోతే పట్టికలో నువ్వూ ఉండవు. అప్పుడు మీ నాన్న బ్యాటు అటక మీద పెట్టేసి, నిన్ను గూడూరు నిమ్మకాయల మార్కెట్లో కొట్టు మీద కూర్చోబెడతారు… లిస్టులో పేరు పక్కా అయితేనే టికెట్ తీస్తానన్నారా? నవాజ్ గారు ఎప్పుడూ అంతే. మాట ఒకటే.

చూసినాను ఫరీన్. శుక్రవారం నుంచి చూస్తానే ఉన్నాను. ఆడే వాళ్ళకి, ఖాళీ కోసం కాచుకునే వాళ్ళకి మధ్య ఒక గీత. ఆ గీత పైన చివరి పేరు ప్రత్యూషది. గీత కింద మొదటి పేరు నీది. తను ఒక్కతే అడ్డం. డబుల్స్‌లో కూడా మీ పేర్లు అట్లనే వేసేవాళ్ళు, ఒకదాని కింద ఒకటి. చూడటానికి బాగుంది…

రాస్తావా? రాయి. ఆ అమ్మాయి చచ్చిపోయింది, పేరు తీసేయండి అని వాళ్ళకి రాయి. ఏ కాగితం జతచేస్తావు? సర్టిఫికెట్ నా బీరువాలో ఉంది. పేపర్లో వేయించలేదు. వాళ్ళు నమ్మేలోపల ఏడున్నర దాటుతుంది…

క్షమించు అనకు. నువ్వు ఆ మాట చానా తొందరగా అంటావు.

పెద్దకర్మ రోజు నువ్వు రాలేదు. ఉష నీకని ఒక విస్తరి తీసి పెట్టింది. సాయంత్రం దాకా పెట్టింది. నువ్వు ఆ పొద్దున నెల్లూరులో రైలెక్కినావు. ఆ వారం టోర్నమెంటు. పాయింటు… తప్పని నేనన్నానా? పాయింటు ఎవరి కోసం ఆగుతుంది?

ఆంటీకి ఫోన్ ఇవ్వను. కూతురి పేరు వేసిన సంగతి ఉషకి తెలియదు. తెలియనివ్వను కూడా.

సరే, విను. తీసేస్తాను. ఒక్క సంగతి అడుగుతాను, నిజం చెప్పు. చెప్తే తీసేస్తాను… మాట ఇస్తున్నాను.

పోయిన సెప్టెంబరు. మొదటి రౌండు. నెట్‌కి అటు నువ్వు, ఇటు తను. తనకి జ్వరమని నీకు తెలుసా, తెలియదా?…

తెలుసు. ఒకే గదిలో ఉన్నారు, తెలియకుండా ఎట్లా… రాత్రి నువ్వే నుదుటి మీద తడిగుడ్డ వేసినావా. అది నాకు తెలియదు. మంచిపని చేసినావు.

పొద్దున ఏం చేసినావు?…

నేను చెప్తాను. వీడియో నా దగ్గర ఉంది. నెట్ దాటగానే పడేట్టు మెల్లగా బంతులు వేసినావు. మూడో సెట్లోనే పందొమ్మిది. లెక్కబెట్టినాను. వెనక గీత దగ్గర నుంచి నెట్ దాకా, జ్వరంతో ఉన్న పిల్లని పందొమ్మిదిసార్లు ఉరికించినావు. రాత్రి తడిగుడ్డ, పొద్దున ఇది…

ఆట అంతేనంటావు. అంతే. నేనూ ఒప్పుకుంటాను. ఎదుటివాళ్ళు ఎక్కడ బలహీనమో అక్కడే వెయ్యాలని మీ ఇద్దరికీ ఒకే కోచ్ నేర్పినాడు. నువ్వు బాగా నేర్చుకున్నావు. గెలిచింది మాత్రం తనే కదా. పాయింటు తనకే వచ్చింది. మూడో పాయింటు.

నేను అడిగేది అది కాదు.

రెండో సెట్ మధ్యలో, మీరు పక్కలు మారేటప్పుడు, నువ్వు తన దగ్గర ఆగినావు. ఏదో చెప్పినావు. తను తల అడ్డంగా ఊపి, ఏదో అని, నవ్వింది. వీడియోలో మాటలు వినపడవు. ఎన్నిసార్లు చూసినా వినపడవు. నువ్వేం చెప్పినావు?…

ఆపెయ్ అన్నావా. నువ్వా…

నమ్ముతున్నాను. తల ఊపిందే, అందుకే నమ్ముతున్నాను. తనేమనింది?…

ఫరీన్, ఏడూ ఇరవై. తొందర నీది. నాకు లేదు…

చెప్పు. నాకేమవుతుందోనని నువ్వు చూడక్కర్లేదు…

ఊఁ…

మళ్ళా చెప్పు. ఒక్కొక్క మాట…

‘నాన్న ఒప్పుకోలేదే. జ్వరం అనారోగ్యం కాదంట.’

నవ్వుతానే అనిందా…

లేదు, ఉన్నాను. లైన్లోనే ఉన్నాను.

నిజమే చెప్పినావు. అవి నా మాటలే. ఆ పొద్దున ఆరున్నరకి ఫోన్ చేసింది. ఒళ్ళు కాలిపోతా ఉంది నాన్నా, పేరు తీసేసుకుంటాను, కారణం దగ్గర అనారోగ్యం అని పెడతాను అనింది. నేను తెలుగు మాస్టారిని కదా. ఒక పూట జ్వరానికి అంత పెద్ద మాట ఎందుకమ్మా, మాటని దాని కొలతకి వాడాలి అన్నాను. జ్వరం జ్వరమే, అనారోగ్యం కాదు, ఒక్క రెండు గంటలు ఓర్చుకో, ఆ పాయింటు కాపాడుకో అన్నాను.

కాపాడుకుంది. తొమ్మిదో రోజుకి తను లేదు. డెంగీ అన్నారు. పాయింటు మాత్రం ఇంకా ఉంది. సెప్టెంబరు దాకా ఉంటుంది.

నువ్వు ఆపమన్నావు. నేను ఆడమన్నాను. పది నెలలుగా పందొమ్మిది బంతులు లెక్కబెట్టుకుంటా, తప్పంతా నీ మీదే వేస్తా వచ్చినాను. అదీ లేకుండా చేసినావు ఈరోజు…

ఆ. ఇచ్చిన మాట ఉంది. తీసేస్తాను. ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. ఉండు… పాస్‌వర్డు… వచ్చింది. మైసూరు… తన పేరు… పక్కన తప్పుకోవడానికి ఒక బటన్. నొక్కినాను.

నొక్కినాను తల్లీ. అయిపోలేదు. కారణం అడుగుతోంది…

ఇంగ్లీషులోనే ఉన్నాయి. నేను తెలుగులో చదువుకుంటున్నాను. నాలుగు ఉన్నాయి. గాయం. అనారోగ్యం. చదువు. వేరే టోర్నమెంటు. ఒకటి ఎంచుకుంటేనే ముందుకు పోతుంది…

ఏదో ఒకటా? ఇరవై తొమ్మిదేళ్ళుగా పిల్లలకి ఏదో ఒకటి రాయొద్దు, సరైన మాటే రాయండి అని చెప్పినవాణ్ణి. నీ పరీక్ష పేపర్లో కూడా ఎర్ర గీత పెట్టినాను, గుర్తుందా…

ఏడూ ఇరవై ఆరు. చూస్తున్నాను.

గాయం, కాదు. ఒంటి మీద ఒక్క దెబ్బ లేదు తనకి. చదువు, ఏం చదువు? వేరే టోర్నమెంటు…

అది కూడా కాదు.

మిగిలింది ఆ ఒక్కటే. అవును, నువ్వు చెప్పిందే. అదే సరైన మాట. ఇప్పుడు కొలతకి సరిపోయింది…

వేలు దాని మీదే ఉంది. నొక్కితే నువ్వు గీత పైకి వస్తావు. మీ నాన్న టికెట్ తీస్తారు. అంతా తెలుసు…

ఏడూ ఇరవై ఎనిమిది.

నా బిడ్డ ఈ ఒక్క మాటే అడిగింది ఫరీన్. బతిమాలి అడిగింది. తనకి ఇవ్వలేదు. అదే మాట నీ కోసం ఎట్లా ఇచ్చేది?…

తెలుసు. నీ తప్పు ఏమీ లేదు. ఆపెయ్ అన్నదానివి నువ్వొక్కదానివే. అందుకే ఇంకా కష్టంగా ఉంది…

అరవొద్దు. నవాజ్ గారికి ఫోన్ ఇవ్వొద్దు. ఆయనకి చెప్పేది ఏమీ లేదు…

సార్ సార్ అనకు…

…

ఏడున్నర అయింది.

లిస్టు మూసేసినారు. తను పైన, నువ్వు కింద. సోమవారం దాకా తను ఉంటుంది…

హలో… ఫరీన్?… హలో…

…

ఉషా, ఏంటి?… ఆ, ఫరీనే చేసింది… ఊరికే, నిన్ను అడిగింది… బాగుందంట. మైసూరు పోతా ఉందంట, ఆడేదానికి.